ఆమవాతము – టి.ఎన్.ఎఫ్. అను మాంసకృత్తు

నాలుగు సంవత్సరముల క్రితం ఆమవాతముతో బాధపడుతున్న ఒక ఉపాధ్యాయిని నా వద్దకు వచ్చారు. వ్రేళ్ళ వాపు, ఉదయపు బిగువు చాలావరకు తగ్గినవి. కాని సాయంకాలములందు సన్నని జ్వరము, అరుచి; మనిషి చిక్కిపోతున్నారు. ఇది ఆమజ్వరమని తలచి లంఘనము, పాచన కషాయము విధించాను. పది దినములైనను జ్వరము పోలేదు. ఇతర మందులేమైనా వాడుతున్నారా అని అప్పుడుగాని నేను అడుగలేదు.

“రెండు వారములకొకసారి ఇంజెక్షన్ తీసుకుంటున్నానండీ. ఇంగ్లీషు మందు గదా, మీకెందుకని చెప్పలేదు” అన్నారామె. మొదటి రోజునే అడుగవలసినవాడను నేను.

ఆ ఇంజెక్షన్ పేరు అడలిముమాబ్. అది టి.ఎన్.ఎఫ్. అనే మాంసకృత్తును అడ్డుకొంటుంది. ఎలుకలలో కణితులను నశింపజేయుటను గమనించి 1975లో అమెరికా శాస్త్రజ్ఞులు దీనికి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. అయితే దేహములో దీని ముఖ్యకార్యము కబురు మోయుట. సూక్ష్మక్రిములు ప్రవేశించినపుడు రక్షక కణములు దీనిని విడుదల చేసి ఇతర కణములను పిలుస్తాయి. వాపు, వేడి, నొప్పి ఆ పిలుపు ఫలితములే. ఆమవాతములో శత్రువు లేకున్నను ఈ పిలుపు ఆగదు. కీళ్ళలోని పలుచని పొర దళసరియై, మృదులాస్థిని, ఎముకను తినివేస్తుంది. ఆకలి మందగించుట, నీరసము కూడ కొంతవరకు దీని పనియే. మాధవ నిదానము ఆమవాతమునకు అరుచిని, జ్వరమును, ఒళ్ళు బరువును లక్షణములుగా చెప్పినది. అంతమాత్రమున ఆమమే టి.ఎన్.ఎఫ్. అని కొందరు వ్రాయుటను నేను అంగీకరించను. ఆమము జఠరాగ్ని మాంద్యముతో ముడివడిన భావన. ఇది ప్రయోగశాలలో కొలువగల పదార్థము.

లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ అను వైద్యులు 1992లో దీనిని అడ్డుకొనే మందును ఆమవాత రోగులకిచ్చి మేలు కనుగొన్నారు. నేడు సోరియాసిస్, క్రోన్స్ వ్యాధులలోను ఇట్టి మందులు వాడుతున్నారు.

ఇక చిక్కు ఎక్కడనగా, మన దేశములో అనేకుల ఊపిరితిత్తులలో క్షయ క్రిములు నిద్రాణమై ఉంటాయి. రక్షక కణములు వాటి చుట్టు గోడవలె చేరి బంధిస్తాయి. ఆ గోడను నిలిపేది టి.ఎన్.ఎఫ్. దానిని అణచివేస్తే గోడ సడలి క్రిములు మేల్కొనవచ్చును. అందుకే ఇంజెక్షన్‌కు ముందు క్షయ పరీక్షలు చేస్తారు. అవి సరిగా ఉన్నను పిదప క్షయ రాదని చెప్పలేము.

ఆమెను వెంటనే కీళ్ళ వైద్యుని వద్దకు పంపాను. ఎక్స్‌రే, కళ్ళె పరీక్షలలో క్షయ బయటపడినది. ఇంజెక్షన్ ఆపి క్షయ మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలకు కోలుకున్నారు. నా కషాయముతో గడచిన పది దినములు మాత్రం వృథా.

ఈ ఇంజెక్షన్ వాడేవారు జ్వరము, దగ్గు, బరువు తగ్గుట కనిపిస్తే ఇంటి వైద్యముతో కాలయాపన చేయరాదు. తమంతట తాము మందు మానను రాదు. రోగనిరోధక శక్తి పెరుగునని తిప్పతీగ త్రాగేవారున్నారు. ఆ శక్తియే దారి తప్పిన ఈ వ్యాధిలో వైద్యునికి చెప్పక దానిని ముట్టరాదు. వాచిన కీళ్ళకు నూనె మర్దన కూడ వద్దు. వేయించిన ఇసుకను గుడ్డలో మూటగట్టి, ఓర్చుకొనగల వేడితో పొడి కాపడము పెట్టుకొనవచ్చును. కీలు ఎర్రబడి కాలుతున్నట్లుంటే అదియు వద్దు.