హనాయే మోరి ప్రింటు వేసే ముందు

జపాన్ ఫ్యాషన్ డిజైనర్ హనాయే మోరి మీద పరిమిత ప్రతుల ఆర్ట్ ప్రింటు చెయ్యమంటే చాలామంది ఇలస్ట్రేటర్లు మొదట సీతాకోకచిలుకే గీస్తారు. గియ్యవద్దని చెప్పను. పారిస్ ఆమెను గుర్తుపెట్టుకున్నదే ఆ సీతాకోకచిలుకతో. కానీ దాన్ని ఆమె ఎందుకు పట్టుకున్నారో తెలుసుకోకుండా గీస్తే చివరికి చేతికొచ్చేది శుభలేఖ మీద వేసే బొమ్మ.

1960ల మొదట్లో ఆమె న్యూయార్క్ వెళ్ళినప్పుడు 'మదామ్ బటర్‌ఫ్లై' ఒపెరా చూశారు. అమెరికా నౌకాదళ అధికారి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి, చివరికి ప్రాణం తీసుకునే జపాన్ అమ్మాయి కథ అది. అదే ఊళ్ళో పెద్ద దుకాణాల్లో జపాన్ బట్టలంటే చవక సరుకు. ఈ రెండూ ఆమెకు గుచ్చుకున్నాయి. 1965లో అదే న్యూయార్క్‌లో సొంత ప్రదర్శన పెట్టి, జపాన్ పట్టును పాశ్చాత్య కుట్టుతో కలిపి చూపించారు. 1977లో పారిస్‌లో అగ్రశ్రేణి ఫ్యాషన్ సంస్థల సంఘమైన ఓత్ కుట్యూర్ సంఘంలో చోటు దొరికిన తొలి ఆసియా మహిళ అయ్యారు. 1985లో మిలాన్‌లోని లా స్కాలా నాటకశాల అదే 'మదామ్ బటర్‌ఫ్లై'కి దుస్తులు ఆమె చేతే చేయించింది. కాబట్టి ఆ సీతాకోకచిలుకలో కాస్త కోపం కూడా ఉంది. మీ బొమ్మలో అది కనపడుతుందా లేదా అన్నది రంగులు కలపకముందే తేల్చుకోండి.

నన్నడిగితే సీతాకోకచిలుకను వదిలేసి ఆమె పనిచేసిన తొలి రోజులకు వెళ్ళమంటాను. ఆమె 1926లో షిమానెలో పుట్టారు. టోక్యో మహిళా క్రైస్తవ విశ్వవిద్యాలయంలో చదివింది సాహిత్యం. కుట్టుపని నేర్చుకున్నది పెళ్ళయ్యాక. 1951లో షింజుకులో 'హియోషియా' అనే చిన్న కుట్టు స్టూడియో తెరిచారు. సినిమావాళ్ళు రావడం మొదలైంది. జపాన్ సినిమా ఉచ్చస్థితిలో ఉన్న ఆ కాలంలో వందల సినిమాలకు దుస్తులు చేశారు. స్క్రిప్టు చదవడం, పాత్ర నడక ఎలా ఉంటుందో ఆలోచించడం, షూటింగ్ సమయానికి బట్ట అందించడం: ఆమె డిజైన్ స్కూలు ఇదే.

ఇంకో మంచి వస్తువు జపాన్ ఎయిర్‌లైన్స్ యూనిఫాం. 1967 నుంచి 1988 దాకా ఆ సంస్థ విమాన సిబ్బంది వేసుకున్న మూడు తరాల యూనిఫాంలు ఆమె చేసినవే. అందులో 1970 నాటి మినీ స్కర్టు కూడా ఉంది. పారిస్ గౌన్లు వేసుకున్నవాళ్ళు కొద్దిమందే. ఈ బట్టలు వేసుకుని రోజూ పనికి వెళ్ళినవాళ్ళు ఎందరో. ఆమె గురించి చెప్పే ప్రింటుకు ఇది గౌన్ల కన్నా నిజాయితీ ఉన్న వస్తువని నా అభిప్రాయం.

ఏది గీయాలో తేలాక వచ్చే చిక్కు, దాన్ని దేన్ని చూసి గీస్తున్నారన్నది. ఇంటర్నెట్‌లో దొరికిన ఆమె ఫొటోను కింద పెట్టుకుని గీత గీస్తే అది మీ బొమ్మ అయిపోదు. ఆ ఫొటో మీద తీసినవాళ్ళకు హక్కు ఉంటుంది. మన దేశంలో కళాకృతి మీద కాపీరైటు కళాకారులు బతికినంత కాలం, ఆపైన 60 ఏళ్ళు. జపాన్‌లో 2018 చివరి నుంచి అది 70 ఏళ్ళు. కాబట్టి పది పన్నెండు ఫొటోలు చూడండి, నాలుగైదు ఇంటర్వ్యూల వీడియోలు చూడండి, అన్నీ పక్కనపెట్టి మీ చేత్తో గీయండి. ఆమె బట్టల మీది ముద్రిత డిజైన్లకూ ఇదే వర్తిస్తుంది. సీతాకోకచిలుక ఎవరి సొత్తూ కాదు గానీ ఆమె స్టూడియోలో పుట్టిన ఫలానా సీతాకోకచిలుకకు సొంతదారు ఉంటారు.

పేరు సంగతి మరో మెట్టు. డిజైనర్ పేరు మనిషి పేరే కాదు, ట్రేడ్‌మార్కు కూడా. 2002లో ఆమె కంపెనీ ఆర్థికంగా చితికింది. ఆ దశలో రెడీమేడ్ దుస్తులు, లైసెన్సుల వ్యాపారం ఆమె చేతి నుంచి వెళ్ళిపోయాయి. కాబట్టి ఎవరి అనుమతి అడగాలో ముందుగా వెతుక్కోవాలి. కుటుంబం సరేనన్నంత మాత్రాన బ్రాండు సొంతదారు సరేనన్నట్టు కాదు. ప్రముఖుల పేరుకూ ముఖానికీ ఉండే వ్యాపార విలువ మీద హక్కును జపాన్ సుప్రీంకోర్టు 2012లో 'పింక్ లేడీ' కేసులో గుర్తించింది. అమ్మకం జపాన్ దాకా వెళ్ళేదైతే అక్కడి లాయరుతో ఒక్కసారి మాట్లాడటం ఖర్చు అనుకోకండి. ప్రింటు మీద ఆమె లోగో అక్షరాలు వాడకండి. పేరు మామూలు అక్షరాల్లో, శీర్షికలో మాత్రమే పెట్టండి.

మరో జపాన్ డిజైనర్ రేయ్ కవాకుబో మీద ప్రింటు చెయ్యాలనుకునేవాళ్ళకు ఇంకో జాగ్రత్త. ఆమె 1969లో మొదలుపెట్టిన కామ్ డె గార్సాన్ బ్రాండు పేరు చెప్పగానే అందరికీ కళ్ళున్న ఎర్ర గుండె బొమ్మ గుర్తొస్తుంది. దాన్ని గీసింది ఆమె కాదు, ఫిలిప్ పగోవ్‌స్కీ అనే పోలండ్ కళాకారుడు. ఒక డిజైనర్‌కు నివాళి అని మొదలుపెట్టి వేరొకరి బొమ్మను, పైగా ట్రేడ్‌మార్కును ఎత్తుకొచ్చినట్టవుతుంది. ఫొటోలకు, ఇంటర్వ్యూలకు దూరంగా ఉండే మనిషి ముఖాన్ని గోడకు తగిలించడం గౌరవమేనా అన్నది మీ విచక్షణకే వదిలేస్తున్నాను.

ఇక మన కళాకారులు ఎక్కువగా పట్టించుకోని సంగతి, పట్టించుకోక ఎక్కువగా నష్టపోయే సంగతి: గీసింది మీరే అయినా బొమ్మ మీదేనా? 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి చేయించిన పెయింటింగు, పోర్ట్రెయిటు, ఎన్‌గ్రేవింగుల మీద తొలి హక్కు చేయించుకున్నవాళ్ళది, వేరే ఒప్పందం లేకపోతే. ఆ చట్టం 'ఎన్‌గ్రేవింగు' అన్నదాంట్లో ప్రింట్లు కూడా వస్తాయి. అంటే ఒక కెఫే యజమానో, బొటీక్ యజమానో ముప్ఫై వేలిచ్చి హనాయే మోరి పోర్ట్రెయిటు గీయించుకుని, కాగితం మీద ఏమీ రాసుకోకపోతే, రేపు అదే బొమ్మను టీషర్టుల మీద వేసుకున్నా మీరు గట్టిగా అడగలేని పరిస్థితి. డిజైన్ స్టూడియోలో జీతానికి పనిచేస్తూ ఆ పనిలో భాగంగా గీసినదైతే హక్కు యజమానిదే. సొంత ప్రింటు సొంత వేళలో, సొంత కంప్యూటర్ మీద చేసుకోండి. నియామక పత్రంలో బయటి పని గురించి ఏం రాశారో ముందు చూడండి.

హక్కు రాసివ్వాల్సి వస్తే ఎంతకాలం, ఏ దేశాల్లో, ఎన్ని ప్రతులు అన్నవి మూడూ రాయించండి. అదే చట్టం 19వ సెక్షన్ మీకు కొంత కాపు కాస్తుంది: కాలం రాయకపోతే ఐదేళ్ళే అనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనీ అనుకోవాలి. కానీ ఆ ఐదేళ్ళూ అవతలివాళ్ళు ఏం చేసుకున్నా చూస్తూ ఉండాల్సిందే కదా. 'ఈ చిత్రాన్ని 50 ప్రతుల స్క్రీన్ ప్రింటుగా మాత్రమే వాడుకోవచ్చు, మిగతా హక్కులన్నీ కళాకారిణివే' అన్న ఒక్క వాక్యం ఉన్న ఈమెయిలుకు అవతల నుంచి 'సరే' అని జవాబు తెప్పించుకోండి. పది పేజీల ఒప్పందం చేతికొచ్చేదాకా ఇదైనా చేతిలో ఉండాలి.

ప్రతుల మీద వేసే సంఖ్య గురించి ఒక మాట. ఎడో యుగపు జపాన్ చెక్కముద్రణల మీద సంఖ్యలు ఉండేవి కావు. గిరాకీ ఉన్నంత కాలం, చెక్క అరిగేదాకా వేసేవారు. గీసేవాళ్ళు వేరు, చెక్కేవాళ్ళు వేరు, అచ్చు వేసేవాళ్ళు వేరు, డబ్బు పెట్టే ప్రచురణకర్త వేరు. పెన్సిల్‌తో 12/50 (యాభైలో పన్నెండోది) అని రాయడం పడమటి దేశాల్లో పుట్టిన తర్వాతి కాలపు అలవాటు. అయినా ఈరోజు కొనేవాళ్ళు డబ్బు పెడుతున్నది ఆ పెన్సిల్ గీతను నమ్మే. చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ ఎచింగు ఏదైనా దగ్గర్నుంచి చూసే అవకాశం వస్తే అంచు కింద పెన్సిల్ రాత ఎక్కడుందో గమనించండి. సాధారణంగా సంఖ్య ఎడమవైపు, శీర్షిక మధ్యలో, సంతకం కుడివైపు ఉంటాయి.

50 ప్రతులంటే 50 కాగితాలు కొంటే సరిపోదు. కళాకారులు తమకోసం ఉంచుకునే ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు మామూలుగా పదో వంతు, అంటే ఐదు. రంగు మీద రంగు సరిగ్గా కూర్చోక పాడయ్యేవి ఉంటాయి. ఐదు రంగుల పనికి 65 కాగితాలు పెట్టుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. అన్నిటికన్నా ముందు ఒక ప్రతి మీకు పూర్తిగా నచ్చినట్టు వేయించి, దాని మీద సంతకం చేసి ప్రింటర్‌కు ఇవ్వండి. మిగతావన్నీ దాంతో పోల్చి సరిపోకపోతే పక్కన పెట్టెయ్యాలి. శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటర్ల చేతిలో నైపుణ్యానికి కొదవ లేదు. వాళ్ళకు అలవాటు లేనిది ఈ ఏరివేత. ముందే చెప్పి, దానికి వేరుగా డబ్బు ఇవ్వండి. కాగితం 300 జీఎస్ఎం కాటన్ కాగితమైతే మంచిది. జపాన్ కోజో కాగితం అందంగా ఉంటుంది, కానీ నీటి రంగు సిరాకు సాగి రంగులు తప్పుతాయి. మొదటిసారి చేసేవాళ్ళు దాని జోలికి పోవద్దు.

ధర దగ్గర లెక్క మొహమాటం లేకుండా వెయ్యండి. మీ శ్రమతో సహా ఒక ప్రతికి 900 రూపాయలు పడిందనుకుందాం. 2,000కు అమ్మి గ్యాలరీకి సగం ఇస్తే మీకు మిగిలేది వంద. గ్యాలరీ వాటాను ధరలో ముందే కలపండి. ఆన్‌లైన్‌లో మీరే అమ్మినా అదే ధర ఉంచండి, లేకపోతే గ్యాలరీ మళ్ళీ మీ ముఖం చూడదు. సగం అమ్ముడయ్యాక ధర పెంచవచ్చు. తగ్గిస్తే మాత్రం మొదట కొన్నవాళ్ళకు అన్యాయం చేసినట్టే.

పరిమిత ప్రతులు అని చెప్పాక అదే బొమ్మను చిన్న సైజులోనో, వేరే రంగుల్లోనో మళ్ళీ వేస్తారా అన్నది ప్రతితో పాటు ఇచ్చే పత్రంలోనే రాయాలి. వేసే ఉద్దేశం ఉంటే ఉందని రాయండి, అది నేరం కాదు. స్క్రీన్‌లను పని అయ్యాక కడిగించెయ్యండి. డిజిటల్ ఇంక్‌జెట్ ప్రింటైతే కడిగేందుకు ఏమీ ఉండదు, ఫైలు ఎన్నటికీ అరగదు. అందుకే ప్రింటర్ దగ్గర మిగిలిన కాపీని తీయించేసి, ఏ నంబరు ఎవరికి ఎప్పుడు వెళ్ళిందో ఒక పుస్తకంలో రాసుకోండి. 50 అయిపోయాక 51వ ప్రతి కోసం ఫోన్ చేసేవాళ్ళు తప్పకుండా ఉంటారు, అందులో బంధువులూ ఉంటారు. వాళ్ళ పేర్లు అదే పుస్తకం చివరి పేజీలో రాసుకుని, ఆ 1970 నాటి యూనిఫాం మీద తర్వాతి ప్రింటు మొదలుపెట్టినప్పుడు ముందుగా వాళ్ళకే చెప్పండి.