మోకాలి శస్త్రచికిత్స అనంతరం కాలిబలం: ఉద్దానం వారు గమనించవలసిన విషయాలు

బరంపురంలోనో విశాఖపట్నంలోనో మోకాలికి శస్త్రచికిత్స చేయించుకొని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస ప్రాంతాలకు తిరిగివచ్చినవారిలో చాలామంది కుట్లు మానగానే కాలు బాగుపడినదని తలుస్తారు. మానినది చర్మం మాత్రమే. మోకాలిని నిలబెట్టునది తొడ ముందుభాగంలోని పెద్ద కండరం. కీలులో వాపు ఉన్నంతకాలం ఆ కండరానికి నరాల ప్రేరణ సరిగా అందదు. కీలుమార్పిడి జరిగిన మొదటి నెలలో దాని బలం సగానికి పడిపోవుట సామాన్యం. సుశ్రుతుడు జానుమర్మాన్ని వైకల్యకర మర్మాలలో చేర్చి, అది దెబ్బతిన్నచో ఖంజత్వం, అనగా కుంటితనం, కలుగునని చెప్పుటలోని ఔచిత్యం ఇక్కడ బోధపడుతుంది.

నడిచినచో నొప్పి, నొప్పికి మాత్ర. ఈ అలవాటు ఎక్కడైనా మంచిది కాదు. ఉద్దానంలో మరీ ప్రమాదకరం. ఇక్కడ మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ప్రబలి ఉన్నది. దాని మూలకారణం నేటికీ నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి. కనుక రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించి, వైద్యుడు చెప్పిన మందును చెప్పినన్ని రోజులే వాడవలెను. సంతలో దొరికే పేరులేని చూర్ణాలు, పాదరసం, సీసం కలిసిన భస్మాలు కూడా మూత్రపిండాలకు హాని చేయగలవు. మూలికామందు కనుక హాని లేదనుట మన వైద్యానికే అపకీర్తి.

నొప్పిని క్రమంగా తగ్గించే మార్గాలలో వ్యాయామం ముఖ్యమైనది. శస్త్రవైద్యుని అనుమతితో పడకమీదనే ఆరంభించవచ్చును. కాలు చాచి, మోకాలి క్రింద చుట్టిన తువాలు ఉంచి, దానిని మోకాలితో క్రిందికి అదిమి ఐదు సెకన్లు పట్టి వదలవలెను. ఇట్లు పదిసార్లు, రోజుకు మూడు పూటలు. పిమ్మట తువాలు తీసివేయవలెను. మోకాలి క్రింద దిండు పెట్టుకొని నిద్రించినచో కాలు వంగి బిగిసిపోతుంది. పాదాన్ని పైకి క్రిందికి ఆడించుట రక్తం గడ్డకట్టకుండా తోడ్పడుతుంది. కొన్నాళ్లకు రెండవ మోకాలిని మడిచి ఉంచి, చికిత్స జరిగిన కాలిని చాచినట్లే జానెడు ఎత్తు లేపవలెను. తదుపరి, ఎత్తైన కుర్చీలోనుండి చేతుల ఆసరాతో లేచి కూర్చొనుట. మెట్లు ఎక్కునపుడు బాగున్న కాలు ముందు, దిగునపుడు చికిత్స జరిగిన కాలు ముందు.

ఎంత చేయవలెను? మన గ్రంథాలు ‘అర్ధశక్తి’ వ్యాయామం చెప్పాయి: నుదుట, చంకలలో చెమట పట్టి, నోరు ఎండువరకు చాలును. 1945లో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలార్మ్, గాయపడిన సైనికుల మోకాళ్లకు బరువును క్రమక్రమంగా పెంచుతూ చేయించిన వ్యాయామ పద్ధతిని ప్రకటించాడు. నేటి ఫిజియోథెరపీలో ఆ సూత్రమే నడుస్తున్నది. రెండింటినీ కలిపి చూచినచో ఇంటివద్ద వాడదగిన కొలత ఇది: మరునాటి ఉదయానికి వాపు పెరిగినచో చేసినది ఎక్కువైనట్లు, ఏమీ అనిపించకున్నచో కొద్దిగా పెంచవచ్చును.

గాయం పూర్తిగా ఆరిన పిమ్మట, మచ్చను వదలి, గోరువెచ్చని నువ్వులనూనెతోగాని మహానారాయణ తైలంతోగాని తొడను మృదువుగా మర్దించవచ్చును. పిక్క వాచి, వేడిగా ఉండి నొప్పి పెట్టుచున్నచో మాత్రం నూనె ముట్టరాదు. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చును. అట్టిచోట మర్దన ప్రాణాపాయకరం. వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను. జ్వరం, చీము, ఆయాసం కనిపించినను అంతే.

కండరం పెరుగుటకు పప్పు, గుడ్డు, చేప, పాలు కావలెను. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఈ నియమం మారుతుంది. వారు మాంసకృత్తుల మోతాదును వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను. ఇంటి పెరటి కొబ్బరినీరు, పనసతొనలు కూడా అట్టివారికి పథ్యం కావు, వానిలో పొటాషియం అధికం.

నేలపై కూర్చొని జీడిపప్పు పని చేసే స్త్రీలు, కొబ్బరి పీచు ఒలిచేవారు కీలుమార్పిడి తర్వాత ఎత్తుపీటపై కూర్చొని పని చేసుకొనుట మంచిది. చెట్టెక్కే పని విషయం శస్త్రవైద్యుని అడగనిదే నిశ్చయించుకొనరాదు.