విజ్ఞానము – విశ్వాసము: పుష్కరము చెప్పు పాఠము

మతమునకును విజ్ఞానమునకును సహజవైరము కలదను మాట లోకమున ప్రబలముగ నున్నది. 1874లో అమెరికాలో జాన్ విలియం డ్రేపర్ ఈ భావముతో నొక గ్రంథమునే రచించెను. సమాజశాస్త్రజ్ఞులు దీనిని వేఱొక విధమున పరిశీలింతురు. ఏది సత్యమని వారు తీర్పు చెప్పరు. ఈ రెండింటితో మనుష్యులు నిత్యజీవనమున నెట్లు మెలగుచున్నారని విచారింతురు. భారతదేశముతో సహా ఎనిమిది ప్రాంతముల శాస్త్రజ్ఞులను గూర్చి ఎలేన్ హోవర్డ్ ఎక్‌లండ్ బృందము జరిపిన పరిశోధన 2019లో గ్రంథరూపమున వెలువడినది. మతవిజ్ఞానములకు వైరమే కలదని చెప్పినవారు అందు కొలదిమందియే.

మన పల్లెలలో నీ విషయము ప్రత్యక్షముగ గోచరించును. మహబూబాబాద్ ప్రాంతపు రైతు మృగశిర కార్తెకై ఎదురుచూచును; వాతావరణశాఖ ప్రకటనను గూడ ఆలకించును. పోతనామాత్యుని స్వగ్రామముగ ప్రసిద్ధమైన బమ్మెర గల జనగామ సీమలో, భాగవత పారాయణము జరుగు ఇంటనే పిల్లలు భౌతికశాస్త్రము చదువుదురు. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.

భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరము ఇందుకు మంచి నిదర్శనము. ఇది గోదావరీ ప్రాణహితల సంగమస్థానము. సరస్వతి అంతర్వాహినియై ఇచట కలియునని భక్తుల విశ్వాసము. బృహస్పతి సింహరాశిని ప్రవేశించినపుడు గోదావరికిని, మిథునమును ప్రవేశించినపుడు సరస్వతికిని పుష్కరములు. 2015 జూలైలో గోదావరీ పుష్కరములు, 2025 మే 15 నుండి 26 వఱకు సరస్వతీ పుష్కరములు అచట జరిగినవి.

పుష్కరమనగా పండ్రెండేండ్లని వాడుక. కాని బృహస్పతి సూర్యుని చుట్టివచ్చుటకు పట్టు కాలము సుమారు 11.86 సంవత్సరములే. ప్రతి పర్యాయమును తగ్గు ఏబది దినములు కూడి కూడి, ఏడెనిమిది పర్యాయములకు ఒక సంవత్సరమగును. అపుడు గురుని సంచారమును బట్టి వచ్చు పర్వము పదునొకండేండ్లకే వచ్చును. 2010 తరువాత హరిద్వారమున కుంభమేళ 2021లోనే జరుగుటకు కారణమిదియే. పంచాంగకర్తలు పండ్రెండను సంఖ్యను గాక గ్రహగతినే అనుసరించిరి. అచట గణితము భక్తికి తోడైనది.

అయినను దేని హద్దు దానికి కలదు. స్నానమున కలుగు పావనత్వమును ప్రయోగశాల కొలువజాలదు. నీటిలో రోగక్రిములు కలవో లేవో శ్రద్ధ చెప్పజాలదు. 1884లో కలకత్తాలో రాబర్ట్ కాక్ ఒక చెఱువు నీటియందు కలరా క్రిమిని కనుగొనెను. పుణ్యజలమే కదా యని కాచక త్రాగించిన నీటివలన పసిబిడ్డకు ముప్పు వాటిల్లినచో, ఆ దోషము తీర్థమునది కాదు. తెలిసియు ఉపేక్షించిన పెద్దలది. ఆధునిక విజ్ఞానమంతయు పురాణములందే కలదని వాదించుటయు నుచితము కాదు. పోతన భక్తికి ప్రయోగశాల యోగ్యతాపత్రము అక్కఱలేదు.

వైష్ణవులకు భగవత్కైంకర్యమువలెనే భాగవతకైంకర్యమును పరమధర్మము. తోడి యాత్రికునకు శుద్ధజలము నందించుట, ఘట్టమును మలినపఱుపకుండుట, జ్వరపీడితుని జాగుచేయక వైద్యుని కడకు చేర్చుట ఆ కైంకర్యమే. 2027లో గోదావరికి మరల పుష్కరము రానున్నది. పుణ్యోదకమును శిరమున ధరించి, త్రాగునీటిని కాచి త్రాగు గృహస్థుడు శ్రద్ధకు లోపము చేసినవాడు కాడు.