రిజిస్టరులో ఎవరి పేరు? (కొండ కుటుంబాల చదువు, ఉపాధి, వ్యాపారం గురించి సభ్య సంఘాలకు ఒక పాఠం)



గిరిజనాభివృద్ధి అనే మాట మన మహాసభల్లో తరచు వినబడుతూనే ఉన్నది. తీర్మానాలు కూడా అవుతూనే ఉన్నాయి. కాని ఒక గ్రామ పాల సంఘం తన చేతిలో ఉన్న పుస్తకాలతో, తూనికతో, పరీక్ష యంత్రంతో ఈ విషయమై ఏమి చేయగలదు అన్నది విడమరచి చెప్పుకున్నది తక్కువ. సహకార శాఖలో ముప్పై ఏళ్లుగా తనిఖీ పని చేస్తున్నవాడిని కాబట్టి, పుస్తకాలలో చూసిన దానినే ఆధారం చేసుకుని నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఒక తనిఖీలో తెలిసిన సంగతి

కొన్నేళ్ల క్రితం కురుపాం కొండల అడుగున ఉన్న ఒక సంఘాన్ని తనిఖీ చేయడానికి వెళ్ళాను. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. పాల సేకరణ రిజిస్టరు, చెల్లింపుల పుస్తకం సరిపోయినాయి. సంతకం చేయబోతుండగా ఆశ్రమ పాఠశాలలో ఏడవ తరగతి చదువుతూ సెలవులకు వచ్చిన ఒక సవర పిల్ల తల్లితో కూడా వచ్చి నిలబడింది.

"బాబూ, మా అమ్మ రోజూ ఇక్కడ పాలు పోస్తాది. ఈ పుస్తకంలో మా అమ్మ పేరు ఏదండీ?" అని అడిగింది.

రిజిస్టరంతా వెదికాను. ఆ పేరు లేదు. విచారించగా తేలినది ఇది. ఆ తల్లి రెండు గేదెల పాలు నాలుగేళ్లుగా పోస్తున్నది. కాని ఆమెకు సభ్యత్వం లేదు. పాలు ఊళ్లోని ఒక సభ్యుని నంబరు మీద ఎక్కుతున్నాయి. పక్షానికొకసారి వచ్చే బిల్లు ఆయన తీసుకుని, దాణా బాకీ, చేబదులు, దాని వడ్డీ పట్టుకుని మిగిలినది ఆమె చేతికి ఇస్తున్నాడు. ఏడాది చివర బోనసు ఒకటి ఉంటుందన్న సంగతే ఆమెకు తెలియదు.

అంతకుముందు రెండు తడవలు ఆ రిజిస్టరును చూసి, అంతా సరిగా ఉన్నదని రాసినవాడిని నేనే. కూడికలు సరిచూశాను గాని పాలు పోసేవారి ముఖాలను రిజిస్టరుతో సరిచూడలేదు. ఆ తప్పు నాది. ఒక చదువుకున్న పిల్ల వేసిన ప్రశ్న రెండు తనిఖీలు చేయలేని పని చేసినది.

నష్టం ఎంతో లెక్క చూడండి. తేలికగా ఉండడానికి గుండు సంఖ్యలు తీసుకుందాం. రోజుకు 3 లీటర్ల చొప్పున ఏడాదిలో 300 రోజులు పోస్తే 900 లీటర్లు. లీటరుకు ఒక రూపాయి బోనసు అనుకుంటే ఏడాదికి 900 రూపాయలు, నాలుగేళ్లకు 3,600 రూపాయలు. ఇది డబ్బు నష్టం మాత్రమే. సభ్యత్వం లేదు కాబట్టి ఆమెకు మహాసభలో ఓటు లేదు, సంఘం ఇప్పించే అప్పు లేదు, పశువుల బీమా లేదు. పాలు ఆమెవి, హక్కు మరొకరిది.

వెనుకటి చరిత్ర

ఇది ఒక్క ఊరి సంగతి అనుకోరాదు. కొండ మీది సరుకు ఒకరిది, లెక్క మరొకరిది కావడం ఈ ప్రాంతంలో పాత జబ్బు. చింతపండు, కొండ చీపుర్లు, అడ్డాకులు, కరక్కాయ, శీకాయ, తేనె తలమీద మోసుకుని సంతకు దిగే మనిషికి తూకం తెలియదు, ధర తెలియదు. ఉప్పుకు, గుడ్డకు, విత్తనానికి సావుకారు దగ్గర ముందే బాకీ పడి ఉంటాడు. బాకీ తీరక చివరకు భూమి పోతుంది.

దీనిని అరికట్టడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా నేటి గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అటవీ ఫలసాయం కొనడం, నిత్యావసర సరుకులు డిపోల ద్వారా అమ్మడం, పంట అప్పు ఇవ్వడం దాని పనులు. 1959లో భూ బదలాయింపు నిబంధన, 1960లో వడ్డీ వ్యాపారులపై నిబంధన వచ్చాయి. అయినా అమలు చాలలేదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళ్తున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల వైపువారు కాల్పులు జరిపారు; ఇద్దరు గిరిజనులు చనిపోయారు. ఆ తరువాత శ్రీకాకుళం కొండల్లో రేగిన పోరాటం అందరికీ తెలిసినదే. 1970 నాటి 1వ నంబరు నిబంధనతో షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడం పూర్తిగా చెల్లకుండా పోయింది. తప్పుడు లెక్కలు ఏళ్ల తరబడి సాగితే ఎంత దూరం పోతాయో సంఘాలవారు మరువరాదు.

చదువు

చదువు అంటే మనకు వెంటనే డిగ్రీ గుర్తుకు వస్తుంది. కొండ కుటుంబానికి మొదటి చదువు వేరు. తన పాసుపుస్తకం తాను చదువుకోవడం, ముల్లు ఎక్కడ ఆగిందో చూడగలగడం, శాతం అంటే ఏమిటో తెలియడం మొదటి చదువు. 10 కిలోల పాలలో వెన్న 6 శాతం అంటే 600 గ్రాములు. దానినే 5 శాతమని రాస్తే 500 గ్రాములు. ఒక్క అంకె మారితే 100 గ్రాముల వెన్న ఖరీదు పోయింది. ఈ లెక్క ఐదవ తరగతి పిల్లవాడు చేయగలడు.

రెండవది భాష. ఇంట్లో సవర భాష మాట్లాడే పిల్లను బడిలో మొదటి రోజే తెలుగులో ప్రశ్నిస్తే ఏమి చెబుతుంది? ఈ సంగతి అందరికంటే ముందు గ్రహించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవరలతో మసలి వారి భాష నేర్చుకున్నారు. వారి పిల్లల కోసం బడులు పెట్టి వారి భాషలోనే చెప్పించారు. సవర భాషకు వ్యాకరణము, నిఘంటువు సమకూర్చారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం మనకు బాగా తెలుసు; కురుపాం కొండలకు దగ్గరలోనే చేసిన ఈ పని తెలిసినవారు తక్కువ.

నేడు ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు ఉన్నాయి. 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. అయితే పై మెట్టు ఎంత ఎత్తుగా ఉన్నా, కింది మెట్టు గట్టిగా లేకపోతే ఎక్కేవారుండరు.

ఉపాధి

షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 సంవత్సరంలో 3వ నంబరు ఉత్తర్వు వచ్చింది. నూటికి నూరు శాతం రిజర్వేషను చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆ తీర్పుపై చర్చ మన పని కాదు. మనం గ్రహించవలసినది ఒకటున్నది. ప్రభుత్వ ఉద్యోగం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఒక్క కాగితంతో దారి మూసుకుపోవచ్చు. కాబట్టి ఊళ్లోనే చిన్న చిన్న ఉపాధి తలుపులు తెరవాలి.

మన సంఘాలలోనే చూడండి. పాల పరీక్షకుడు, తూనిక సహాయకుడు, కృత్రిమ గర్భధారణ కార్యకర్త, పశువుల ప్రథమ చికిత్సకుడు, కార్యదర్శి - ఇన్ని పనులున్నాయి. పదవ తరగతి, ఇంటరు చదివిన కొండ యువతీ యువకులకు శిక్షణ ఇప్పిస్తే వీటిలో ఏదీ చేయలేనిది కాదు. పైగా సవర మాట్లాడే మనిషి పరీక్ష బల్ల దగ్గర ఉంటే కొండ నుంచి వచ్చిన తల్లి ధైర్యంగా నోరు విప్పి అడుగుతుంది.

వ్యాపారం

సరుకు పచ్చిగా అమ్మినంత కాలం లాభం ఎదుటివాడిదే. చింతపండు గింజ తీసి అమ్మితే ఒక ధర, తీయకుండా అమ్మితే ఒక ధర. జీడిగింజ ధర వేరు, జీడిపప్పు ధర వేరు. అరకు లోయ గిరిజనులు కాఫీ పండించి, సహకార సంఘాలుగా కూడి, పండు కోత దగ్గరనుంచి నాణ్యత చూసుకున్నారు కాబట్టే ఆ పేరు విదేశాలకు పోయింది. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆనంద్‌లో 1946లో రైతులు సంఘం కట్టినది కూడా పాలు పోయడంతో ఆగక, శుద్ధి, అమ్మకం తమ చేతిలోకి తెచ్చుకోవడానికే.

మన వృత్తికే చెందిన మరో ఉదాహరణ న్యూజిలాండులో ఉన్నది. అక్కడి ఆదివాసులు మావోరీలు. వారి భూముల ట్రస్టులు ప్రధాన వాటాదారులుగా కలిసి మిరాకా అనే పాల కర్మాగారం పెట్టుకున్నాయి. వారి భాషలో మిరాకా అంటే పాలు. 2011లో పని మొదలుపెట్టిన ఆ కర్మాగారం భూగర్భపు వేడి ఆవిరితో నడుస్తుంది. భూమి అమ్ముకోకుండా, ఉమ్మడిగా నిలుపుకుని, దానిమీద వ్యాపారం కట్టుకోవడం అందులోని కీలకం.

ఒక హెచ్చరిక

ఇంతమాత్రాన కొండ మీద ప్రతి ఇంటికీ సంకర జాతి ఆవును అప్పు మీద అంటగట్టరాదు. పాతకాలపు కొండ ఇళ్లలో పాలు పితికే అలవాటు లేదు. ఆవు పాలు దూడవి అన్నది పెద్దల మాట. దాన్ని వెనుకబాటు అని వెక్కిరించరాదు. దున్నే ఎడ్లు బలంగా ఎదగాలన్న ఆలోచన అందులో ఉన్నది. సంకర జాతి పశువుకు పచ్చిమేత, నీరు, నీడ, సమయానికి డాక్టరు కావాలి. ఇవి లేనిచోట ఆవు చస్తుంది, అప్పు మిగులుతుంది. ఇష్టపడి వచ్చిన కుటుంబానికి, మేత ఉన్నచోట, పాల దారి ఉన్నచోట మాత్రమే పశువును ఇప్పించండి. మిగిలినవారికి జీడి, పసుపు, చీపురు, కోళ్లు, మేకలు ఉన్నాయి. సంఘం అనే పద్ధతి అన్నిటికీ ఒకటే.

సంఘాలు చేయవలసిన పనులు

1. పాలు పోసే ప్రతి మనిషిని పేరు పేరునా రిజిస్టరుతో సరిచూడండి. ఒకరి నంబరు మీద మరొకరి పాలు ఎక్కించరాదు.

2. వాటాధనం ఒకేసారి కట్టలేని కుటుంబానికి, ఉపనియమాలకు లోబడి, పాల బిల్లునుంచి కొద్ది కొద్దిగా పట్టుకుని సభ్యత్వం ఇప్పించండి. పాలు పోసేది ఇల్లాలైతే సభ్యత్వం ఆమె పేరనే ఉండాలి.

3. తూకం, వెన్న శాతం ఎదుటనే పైకి చదివి చెప్పి పాసుపుస్తకంలో రాయండి.

4. బిల్లు నేరుగా సభ్యుని బ్యాంకు ఖాతాకే జమచేయండి.

5. బోనసు పంపకం జాబితాను సంఘం గోడకు అంటించి, ఒకసారి చదివి వినిపించండి.

6. శిక్షణకు పంపేటప్పుడు ఒక స్థానమైనా కొండ యువతకు కేటాయించండి.

ముగింపు

పైన చెప్పిన సంఘంలో ఏమైనదని మీరడుగుతారు. పాలకవర్గం వెంటనే ఆ తల్లికి సభ్యత్వం ఇచ్చింది. ఆ ఏడాది బోనసు ఆమెకే చెల్లించాలని తీర్మానించింది. అంతకు ముందు మూడేళ్లది రాలేదు; ఎవరు ఎంత పోశారో రాసి లేదు కాబట్టి రుజువు దొరకలేదు. రాయని లెక్కకు న్యాయం చేయడం ఎవరివల్లా కాదు. ఆ పిల్ల ఇంటరు పూర్తిచేసి, శిక్షణ పొంది, అదే సంఘంలో పాల పరీక్ష చేస్తున్నది. కిందటిసారి నేను వెళ్ళినప్పుడు రిజిస్టరు నా ముందు పెట్టి, "బాబూ, ఈసారి మనుషులను పిలుస్తాను, చూసుకుని సంతకం పెట్టండి" అన్నది. అలాగే చేశాను.

పాలకవర్గ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సంఘానికి పాలు పోస్తూ సభ్యత్వం లేనివారు ఎందరు? కారణమేమి?

2. మన సభ్యులలో తన పాసుపుస్తకం తాను చదువుకోలేనివారు ఎందరు? వారికి చదివి పెడుతున్నది ఎవరు?

3. మన పరిధిలోని కొండ పల్లెలనుంచి ఈ సంవత్సరం ఎవరిని శిక్షణకు పంపగలం?

జవాబులను తీర్మానాల పుస్తకంలో రాసుకొనవలసినదిగా మనవి.