క్లిప్పులు తీశాక రిటైనర్ సంగతి

పళ్లకు క్లిప్పులు తీయగానే ఖర్చు అయిపోయిందనుకుంటాం. కానీ జరిగిన పన్ను చుట్టూ ఎముక గట్టిపడటానికి నెలలు, చిగుళ్లలోని తంతువులు సర్దుకోవడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఈలోగా పన్ను పాత చోటికే పోవాలని చూస్తుంది. దాన్ని ఆపేదే రిటైనర్. మొదట్లో రోజంతా, తర్వాత రాత్రిళ్లు పెట్టుకోవాలి. ఎన్నాళ్లన్నది డాక్టరు చెబుతారు.

బడిలో దీనికి గండం లంచ్ బెల్లే. టిష్యూలో చుట్టి పక్కన పెడతారు, అది కాస్తా చెత్తబుట్టలోకి పోతుంది. తిట్టి లాభం లేదు, పేరు రాసిన గట్టి డబ్బా బ్యాగులో పెట్టండి. వేడినీళ్లలో కడిగితే ప్లాస్టిక్ రిటైనర్ వంకర పోతుంది.

ఫీజు మాట్లాడేటప్పుడే ప్యాకేజీలో రిటైనర్ ఉందా, పోతే కొత్తదానికి ఎంత అని అడగండి. పోయిందని తెలియగానే డాక్టరుకు ఫోన్ చేయండి. పళ్లు బాగా జరిగిపోతే మళ్లీ క్లిప్పులే వేయాల్సి రావచ్చు.