ప్రశ్నలు - జవాబులు: ఘాట్ మలుపుల్లో ఊగే బండి

ప్రశ్న: మాది తొమ్మిదేళ్ల నాటి స్కార్పియో. లక్ష కిలోమీటర్లు దాటింది. పనిమీద తరచూ లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్, అక్కణ్నుంచి జయపురం వెళ్లొస్తుంటాం. మలుపు తిరిగినప్పుడల్లా బండి పక్కకి ఒరిగిపోతోంది. వెనక సీట్లో కూర్చునే మా అమ్మకి వాంతులే. గట్టి స్ప్రింగులు, గ్యాస్ షాక్‌అబ్జార్బర్లు వేయించమని మా బావమరిది, స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెడితే చాలని మెకానిక్ అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
- ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మెకానిక్ మాట అసలు వద్దు. బావమరిది మాటలో సగం వినండి, అదీ ఆఖర్న.

మీ బండి లారీలాగే ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన రకం. బరువంతా పైన ఉంటుంది కాబట్టి మలుపులో కొంత ఒరగడం దాని స్వభావం, పూర్తిగా పోదు. అయితే ఎంత ఒరుగుతుందన్నది వేరు, ఎంత వేగంగా ఒరుగుతుందన్నది వేరు. మొదటిది స్ప్రింగులు, స్టెబిలైజర్ బార్ చేతిలో ఉంటుంది. రెండోది షాక్‌అబ్జార్బర్ల పని. కోరాపుట్ నుంచి జయపురం దిగే ఘాట్‌లో ఒక మలుపు అయీ అవకముందే ఎదురు మలుపు వస్తుంది. షాక్‌అబ్జార్బర్లు అరిగిన బండి ఎడమకి ధబ్బున వాలి, సర్దుకునేలోపు కుడికి పడుతుంది. మీ అమ్మగారి కడుపులో తిప్పేది ముఖ్యంగా ఆ ఊపే. దానికి స్ప్రింగులు గట్టివి వేస్తే ఒరగడం కాస్త తగ్గుతుందేమో గానీ, గతుకుల మీద ఆవిడ నడుము విరుగుతుంది. పైగా మలుపులో గతుకు తగిలితే గట్టి స్ప్రింగున్న చక్రం రోడ్డు వదిలి ఎగురుతుంది. గాల్లో ఉన్న టైరుకి పట్టు ఎక్కణ్నుంచి వస్తుంది?

ముందు టైర్లు చూడండి. పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాట్లు బాగానే కనిపిస్తున్నా రబ్బరు పాతబడి గట్టిపడిపోతే తడి ఘాట్‌లో జారుతుంది. గాలి చల్లటి టైర్లలోనే, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీదున్న లెక్క ప్రకారం కొట్టించండి. వేడి 10 డిగ్రీలు తగ్గితే టైరులో సుమారు 2 పీఎస్ఐ తగ్గుతుంది. విజయనగరంలో మధ్యాహ్నం ఎండలో కొట్టించిన గాలి, సెమిలిగుడలో పుష్యమాసం తెల్లవారుజాముకి సరిపోదు. గాలి తగ్గిన టైరు మలుపులో పక్కకి నలుగుతుంది. మీరు దాన్ని సస్పెన్షన్ లోపం అనుకుంటారు.

తర్వాత బుష్‌లు, బాల్ జాయింట్లు, స్టెబిలైజర్ లింక్ రాడ్లు. లింక్ రాడ్ పోతే గతుకుల్లో ముందువైపు టకటకమని చప్పుడొస్తుంది. ఖరీదైన సామానేమీ కాదు. అది వదులైతే స్టెబిలైజర్ బార్ ఉండీ సరిగ్గా పనిచేయదు. ఇక్కడ ఒక్క సంగతి దగ్గరుండి చూసుకోండి. కొత్త బుష్‌లు వేశాక చాలాచోట్ల బండి జాకీ మీదే ఉండగా, చక్రాలు వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. బండి కిందికి దించగానే బుష్ రబ్బరు మెలితిరిగి, ఆ మెలికలోనే ఉండిపోతుంది. అలాంటివి తొందరగా చిరిగిపోతాయి. బోల్టు వదులుగా పెట్టి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇవ్వమనండి. మెకానిక్ మొహం చిట్లిస్తాడు, చిట్లించనివ్వండి.

అన్నీ అయ్యాక షాక్‌అబ్జార్బర్లు. ఒంటి మీద నూనె చెమ్మ కనిపించినా, బానెట్ మూల గట్టిగా అదిమి వదిలితే రెండు మూడుసార్లు ఊగినా వాటి పని అయిపోయినట్టే. ముందు రెండూ కలిపి, వెనక రెండూ కలిపి మార్చాలి. ఒక్కటే మారిస్తే బండి కుడికి ఒకలా, ఎడమకి ఒకలా తిరుగుతుంది. మీ మోడల్‌కి చేసిన మంచి కంపెనీ గ్యాస్ రకం దొరికితే వేసుకోవచ్చు. వరుసగా గతుకులు తిన్నప్పుడు లోపలి నూనె వేడెక్కి నురగ కట్టకుండా ఆ గ్యాస్ ఆపుతుంది. స్ప్రింగులు మాత్రం కుంగిపోతే తప్ప మార్చకండి, మార్చినా కంపెనీవే.

బఫర్లంటారా, అవి రెండు చుట్ల మధ్య దూరి ఆ భాగాన్ని పనిచేయనివ్వవు. భారమంతా మిగతా చుట్ల మీద పడుతుంది.

ఇక ఖర్చులేని మందు: 50లో తిరిగే మలుపు 40లో తిరగండి. పక్కకి తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 40 నుంచి 50కి వెళ్తే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఇంత తేడా ఏ గ్యాస్ షాక్‌అబ్జార్బరూ తేలేదు. క్యారియర్ మీద సామాను కూడా కిందికి దించండి.

ప్రశ్న: మా బొలెరోలో సంత సరుకు వేసుకుని సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్తుంటాం. వెనక కమాన్లకి ఒక పట్టీ ఎక్కువ వేయిస్తే బండి గట్టిగా నిలబడుతుందంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, పొట్టంగి

జవాబు: బరువుతో నిలబడుతుంది. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు గంతులేస్తుంది. వెనక మాత్రమే గట్టిపడితే మలుపులో వెనక చక్రాలు ముందుగా జారతాయి, వానలో మరీను. కొత్త పట్టీకి ముందు పాతవి చూపించండి. వంపు తగ్గిందా, మధ్య బోల్టు అరిగిందా, షాకిల్ బుష్‌లు ఉన్నాయా అని. సాలూరు లారీల ఊరు, కమాన్ల పని చూసి చెప్పగలవాళ్లకి అక్కడ కొదవలేదు. పట్టీలు విప్పించి, పోయినవి మార్పించి, ‘యూ’ బోల్టులు కొత్తవి వేయించండి. వారం తిరిగాక మళ్లీ ఒకసారి బిగింపు చూపించండి. అప్పటికీ వెనక కూలబడుతోందంటే లోపం బండిలో లేదు, మీరు వేసే సరుకులో ఉంది.

ప్రశ్న: దేవమాలి ఎక్కడానికి రెండంగుళాల లిఫ్ట్ కిట్, వెడల్పు టైర్లు వేయిద్దామనుకుంటున్నాను. రోడ్డు మీద కూడా పట్టు పెరుగుతుందా?
- ఒక పాఠకుడు, జయపురం

జవాబు: లిఫ్ట్‌తో పెరగదు, తగ్గుతుంది. బండి లేచినకొద్దీ మలుపులో ఒరగడం ఎక్కువవుతుంది. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. ఏడాదికి ఒకట్రెండుసార్లు దాన్ని ఎక్కడానికి రోజూ తిరిగే రోడ్డు మీద పట్టు పోగొట్టుకోవడం నాకైతే నచ్చదు. చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, కంపెనీ చెప్పిన కొలతలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమావాళ్లు మొదట వేలు చూపించేదీ ఈ మార్పులనే.

ప్రశ్న: షాక్‌అబ్జార్బర్లు మార్చాక అలైన్‌మెంట్ తప్పనిసరా?
- ఒక పాఠకురాలు, సునాబెడ

జవాబు: ముందు చక్రాల దగ్గర స్ట్రట్ ఉన్న బండైతే తప్పనిసరి. స్కార్పియో, బొలెరోల్లో ఆర్మ్‌లు గానీ, బాల్ జాయింట్లు గానీ విప్పితేనే. వాటి వెనక ఇరుసు ఒకే దిమ్మ, అక్కడ అలైన్‌మెంట్ చేయడానికి ఏమీ ఉండదు. దానికీ బిల్లు వేస్తే అడగండి.

ప్రశ్న పంపేవాళ్లు బండి మోడల్, ఏ సంవత్సరానిది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, టైరు సైజు, మామూలుగా ఎంతమంది ఎక్కుతారు అన్నవి తప్పక రాయండి. అవి లేకుండా వచ్చిన ఉత్తరాలకి ఈసారి జవాబు ఇవ్వలేకపోయాం.