పాటకు ముందే పార్శిల్ మాట

మర్రిపాడు మండలం డీసీ పల్లి, కలిగిరి. నెల్లూరు జిల్లా ఆత్మకూరు, ఉదయగిరి వైపు పొగాకు పండించే రైతులకు ఈ రెండు పేర్లూ కొత్త కాదు. రెండుచోట్లా పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. ఒకప్పుడు నోటితో సాగిన పాట ఇప్పుడు ఎలక్ట్రానిక్ పద్ధతిలో సాగుతోంది. అక్కడ గొడవలు లేవని కాదు. ధర పడిపోయిందని రైతులు వేలం ఆపించిన రోజులున్నాయి, బేళ్లు కొనకుండా వెనక్కి పంపుతున్నారని రోడ్డెక్కిన రోజులున్నాయి. ఒక్క సంగతిలో మాత్రం ఎవరికీ అనుమానం ఉండదు. బేలును కేంద్రం దాకా చేర్చే కిరాయి రైతుది, అక్కణ్నుంచి తీసుకుపోయే ఖర్చు కొన్నవాడిది. ఎవరూ కొనని బేలును మళ్లీ ఇంటికి తెచ్చుకునే కిరాయి కూడా రైతు నెత్తినే పడుతుంది. అది న్యాయమా అంటే కాదనే అంటాను. కానీ బండికి ఎత్తకముందే ఆ సంగతి రైతుకు తెలుసు.

ఊళ్లో చెరువు చేపల వేలమైనా, గుడి మాన్యం కౌలు వేలమైనా ఇదే వరస. ముందు షరతులు చదివి వినిపిస్తారు. ధరావతు కట్టించుకుంటారు. ఆ తర్వాతే ఒకటోసారి, రెండోసారి.

ఇంత తెలిసిన మనమే ఫోన్ చేతిలోకి వచ్చేసరికి షరతులు వినకుండా పాట పాడేస్తున్నాం. పాత నాణేలు, స్టాంపులు, పుస్తకాలు, ఇత్తడి సామాను, చీరలు ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్ లైవ్‌లలో వేలానికి వస్తున్నాయి. వస్తువు ఫొటో కింద ఓ మూలన ‘షిప్పింగ్ ఎక్స్‌ట్రా’ అని రెండు ముక్కలుంటాయి. ఎంత ఎక్స్‌ట్రా? అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు.

ఆత్మకూరులో పాత ఇత్తడి సామాను అమ్మే ఒకాయన, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఉదయగిరి కుర్రాడు ఉన్నారనుకుందాం. గంగాళం వేలానికి వచ్చింది.

“కొరియర్ ఎంత పడద్దన్నా?”

“మామూలే తమ్ముడూ. ముందు పాట కానీ.”

1,800 రూపాయల దగ్గర పాట కుర్రాడి మీద ఆగింది. మర్నాడు పొద్దున మెసేజ్ వచ్చింది: కొరియర్, ప్యాకింగ్ కలిపి 650. “ఇదేందన్నా, మామూలే అంటివి గదా?” “గంగాళానికి అంతే పడద్ది తమ్ముడూ, చెంబనుకున్నావా?” అక్కడితో అన్నాతమ్ముళ్ల వరస తెగిపోయింది. ఒకరు ‘మోసం’ అన్నారు, ఇంకొకరు ‘పాడి ఎగ్గొట్టే బాపతు’ అన్నారు. గ్రూపులో మిగతావాళ్లు చెరోవైపు చేరి వినోదం చూశారు.

ఈ ఇద్దరిలో దొంగ ఎవరూ లేరు. ‘మామూలే’ అన్న ఆ ఒక్క మాట దగ్గరే గొడవకు విత్తనం పడింది. డబ్బు సంగతి సూటిగా అడిగితే పిసినారి అనుకుంటారని కొనేవాడి మొహమాటం. ఖర్చు ముందే చెబితే పాట పైకి పోదని అమ్మేవాడి భయం. ముందు మొహమాటపడినవాళ్లే తర్వాత నోరు పారేసుకుంటారు. పెళ్లిలో వంటవాళ్ల కూలి దగ్గరా, ఇల్లు కట్టే మేస్త్రీ దగ్గరా, స్నేహితుడితో పెట్టిన వ్యాపారం దగ్గరా మనం చేసేది ఇదే. కొరియర్ చార్జీలో ఈ మొహమాటం చిన్న మొత్తంతో బయటపడుతుంది కాబట్టి, ఈ జబ్బు వదిలించుకోవడానికి ఇంతకంటే చవకైన చోటు ఉండదు.

అసలు 650 రూపాయలు ఎందుకు అంత గుచ్చుకుంది? అదే కుర్రాడికి 2,450 రూపాయలు, ఇంటికి చేర్చే ఖర్చుతో సహా అని చెప్పి ఉంటే మారుమాట లేకుండా కట్టేసేవాడేమో. మన మనసు వస్తువు ధరను ఒక ఖాతాలో, రవాణాను మరో ఖాతాలో రాసుకుంటుంది. తన్జిమ్ హుస్సేన్, జాన్ మోర్గాన్ అనే ఆర్థికవేత్తలు ఈబే వేలాల్లో దీన్ని పరీక్షించి 2006లో ప్రచురించారు. ఒకే రకం మ్యూజిక్ సీడీలు, వీడియో గేములు రెండు రకాలుగా వేలానికి పెట్టారు. ఒకచోట పాట 4 డాలర్ల దగ్గర మొదలవుతుంది, రవాణా ఉచితం. ఇంకోచోట ఒక్క సెంటు దగ్గర మొదలవుతుంది, రవాణా 3.99 డాలర్లు. లెక్కకు రెండూ ఒకటే. అయినా ఒక్క సెంటు పాటకే ఎక్కువమంది ఎగబడ్డారు. రవాణా ఖర్చు మరీ మితిమీరనంతవరకు అమ్మకందారు చేతికి వచ్చిన మొత్తమూ అందులోనే ఎక్కువ.

ఈ కిటుకు అమ్మకందార్లు ఆర్థికవేత్తల కన్నా ముందే కనిపెట్టారు. 1995లో మొదలైన ఈబేలో చాలాకాలం కమీషన్‌ను వస్తువు ధర మీదే లెక్కగట్టేవారు. కొందరు వస్తువును కారుచౌకగా చూపి, లాభమంతా రవాణాలో దాచారు. పావలా కోడికి ముప్పావలా మసాలా. చివరికి 2011లో అమెరికాలో రవాణా చార్జీ మీద కూడా ఈబే కమీషన్ వేయడం మొదలుపెట్టింది. దాంతో ఆ దారి చాలావరకు మూసుకుపోయింది. మన దేశంలో బాజీ డాట్ కామ్‌ను 2004లో కొని వేలాలు నడిపిన ఈబే ఇండియా 2018లో దుకాణం మూసేసింది. వేలాలు మాత్రం ఆగలేదు, వాట్సాప్‌లోకి మారాయి. అంపైర్ లేని ఆట కాబట్టి మర్యాద మనమే తెచ్చుకోవాలి.

అమ్మేవాళ్ల వైపు కూడా చూద్దాం, ఎందుకంటే వాళ్లను అనవసరంగా దొంగల్ని చేస్తున్నవాళ్లే ఎక్కువ. ఉదయగిరి చెక్క గరిటెల సంగతి తీసుకోండి. దుర్గం కొండల చుట్టుపక్కల దొరికే నర్ది, కల్ది, బిక్కి లాంటి కర్రతో ఇక్కడి ముస్లిం కుటుంబాలు తరతరాలుగా చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు చెక్కుతున్నాయి. ఆడవాళ్ల చేతిపని ఇందులో చాలా ఉంది. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అందమైన సరుకు, తేలికైన సరుకు. ఆ తేలికే కొనేవాణ్ని తప్పుదోవ పట్టిస్తుంది. “కిలోన్నర లేదు, ఇంత చార్జీ ఏంటి?” అంటాడు.

కొరియర్ సంస్థలు బరువు ఒక్కటే చూడవు, పెట్టె ఆక్రమించే చోటు కూడా చూస్తాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, సాధారణంగా 5,000తో భాగిస్తారు. అలా వచ్చిన అంకె, తూకంలో వచ్చిన బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి చార్జీ. కిలోన్నర గరిటెలను 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే 24,000 భాగించు 5,000, అంటే 4.8 కిలోలు. చార్జీ దాదాపు అయిదు కిలోలకు పడుతుంది. అవే గరిటెలు ఒద్దికగా పేర్చి 40, 15, 10 పెట్టెలో సర్దితే 1.2 కిలోలే వస్తుంది, అప్పుడు కిలోన్నరకే కడతారు. లోపల ఖాళీ ఎంత ఉంటే అంత గాలికి డబ్బు కడుతున్నట్టే. ఇత్తడి గంగాళం కడుపంతా గాలే.

కాబట్టి అమ్మేవాళ్లు ముందు పెట్టె సర్దాలి, తర్వాత ఫొటో పెట్టాలి. పెట్టె కొలతలు, తూకం, హైదరాబాద్‌కు ఇంత, చెన్నైకి ఇంత అని రెండు మూడు అంకెలు రాస్తే పాట తగ్గదు. బేరగాళ్లకు ధైర్యం వస్తుంది. ప్యాకింగ్‌కు డబ్బు తీసుకోవడం తప్పేమీ కాదు. అట్టపెట్టె, బబుల్ ర్యాప్, టేపు ఊరికే రావు, మీ గంటసేపు పనికీ విలువుంది. కానీ దాన్ని ప్యాకింగ్ అనే చెప్పండి. కొరియర్ రసీదు మీద 410 ఉండి మీరు 650 తీసుకుంటే, మిగిలిన 240 ఎందుకో మీ నోటితోనే ముందు చెప్పాలి. రసీదు ఒక్కోసారి పార్శిల్ మీదే అంటించి ఉంటుంది, కొన్నవాడు చూడకపోడు.

కొనేవాళ్లకు నేర్పాల్సింది ఒక్క వాక్యమే. “మా పిన్‌కోడ్‌కు చేరేసరికి మొత్తం ఎంత?” ధర ఎంత, కొరియర్ ఎంత అని విడివిడిగా అడిగితే ‘మామూలే’ అనే జవాబుకు చోటిచ్చినట్టే. మొత్తం అడిగితే అంకె చెప్పి తీరాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ముక్కూ మొహం తెలియని వ్యాపారి అడగకుండానే లెక్క చెబుతాడని ఎందుకు అనుకోవాలి?

పిన్‌కోడ్ అని ఎందుకన్నానంటే, ఆత్మకూరు వాళ్లకు అదో తలనొప్పి. నంద్యాల జిల్లాలో ఒక ఆత్మకూరు ఉంది, అనంతపురం జిల్లాలో ఒకటి, తెలంగాణలో వనపర్తి జిల్లాలో ఇంకొకటి. ఉదయగిరి పేరుతో ఒడిశాలోనూ ఊరుంది, గుహలున్నాయి. నెల్లూరు ఆత్మకూరుకు 524322, ఉదయగిరికి 524226 అని రాయకుండా ఊరిపేరుతో సరిపెడితే పార్శిల్ దేశాటన చేసి వస్తుంది. ఆ తిరుగు ఖర్చు చిరునామా సరిగా ఇవ్వనివాళ్లదే, ఇందులో వాదించడానికేమీ లేదు. పట్టణాలకు దూరంగా ఉన్న పిన్‌కోడ్‌లకు కొన్ని కొరియర్ సంస్థలు అదనంగా వసూలు చేస్తాయన్నదీ గుర్తుంచుకోండి. రెండు ఊళ్లకూ ఆర్టీసీ డిపోలున్నాయి. బస్టాండ్‌కు వెళ్లి తెచ్చుకునే ఓపిక ఉంటే ఆర్టీసీ కార్గో ఎంతవుతుందో కూడా కనుక్కోండి. లారీ పార్శిల్ ఆఫీసుల్లో అయితే ‘పెయిడ్’గా (చార్జీ ముందే కట్టి) పంపుతున్నారా, ‘టు పే’గా (అందుకునేవాళ్లు కట్టేలా) పంపుతున్నారా అన్నది పాట రోజే తేలిపోవాలి.

అయినా గొడవ వచ్చేసింది, ఏం చేయాలి? ముందు గ్రూపులోంచి బయటికి రండి. పదిమంది చూస్తుంటే ఎవరూ తగ్గరు. టైపు చేయడం ఆపి ఫోన్ చేయండి, రాతలో కటువుగా ఉన్న మాట గొంతులో మెత్తబడుతుంది. రసీదు చూపమని అడగడం అవమానం కాదు, చూపడం చిన్నతనం కాదు. ఆ తర్వాత నా తీర్పు ఇది. ఖర్చు ముందే రాసి ఉన్నా చదవకుండా పాడితే కొన్నవాడే కట్టాలి. ఒక అంకె చెప్పి తర్వాత పెంచితే ఆ పెరిగినంత మేర అమ్మినవాడే భరించాలి. ఇతను అడగక, అతను చెప్పకపోతే, “నేనూ అడగలేదు, మీరూ చెప్పలేదు, చెరిసగం వేసుకుందామన్నా” అనేయండి. పై లెక్కలో ఆ సగం 325 రూపాయలు. అంతకు మించి ఆ గొడవ మీద ఒక సాయంత్రం ఖర్చు పెట్టడం దండగ. ఈ మూడింట్లో ఏ దారీ కుదరకపోతే మర్యాదగా విరమించుకోండి. పాట గెలిచి మాట్లాడకుండా మాయమయ్యేవాణ్ని మాత్రం నేను సమర్థించను, ఖర్చు ఎంత ఎక్కువైనా సరే.

అమెరికాలో ఉన్న పిల్లలకు పచ్చళ్లు, గరిటెలు పంపే తల్లిదండ్రులకూ ఇదే మాట. అక్కడ 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. సరుకు ధర, కొరియర్ కాక మూడో ఖర్చు కూడా తగలొచ్చు. అది ఎవరు కడతారో డబ్బాకు సీలు వేయకముందే పిల్లలతో మాట్లాడుకోండి. సొంతవాళ్ల మధ్య ఈ లెక్కలేంటని వదిలేస్తే అక్కడా చివరికి మాటే పడాల్సి వస్తుంది.

చట్టం మీ వెనక కొంతదూరం వస్తుంది. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మకందారు డెలివరీ, పోస్టేజీ, హ్యాండ్లింగ్ చార్జీలన్నీ కలిపిన మొత్తం ధరను ఒకే అంకెగా, వివరాలతో సహా చూపాలి. ముందు తక్కువ చూపి చివర్లో చార్జీలు తగిలించడాన్ని 2023 నవంబరులో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు తప్పుడు పద్ధతుల జాబితాలో చేర్చాయి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అయితే వ్యాపారంగా కాకుండా ఎవరో తమ ఇంట్లో సామాను అమ్ముకుంటే ఈ-కామర్స్ నియమాలు వర్తించవు, వాట్సాప్ వేలాల్లో అలాంటివాళ్లు చాలామందే ఉంటారు. అక్కడ మీకున్న ఆధారం మీరు అడిగిన ప్రశ్న, వాళ్లు రాసిన జవాబు. ఆ రెండూ ఫోన్‌లో రాతగా కనబడేదాకా పాట పాడకండి, డబ్బు పంపకండి.